మందు దేంతోని తాగినవు?

మీరిద్దరూ నా పనిలో చేరే నాటికి నేను ఈ దవాఖానాలో ఉండను. పెళ్ళైన ఆడమనిషి కొలువులో కొనసాగరాదన్నది మా జనానా దవాఖానా కాయిదా. వచ్చే నెల నా పెళ్ళి, సైదాబాద్‌కు పోతున్నాను. తల నెరవకముందే నాకు విశ్రాంతి వచ్చింది. చెప్పుకోవడానికి పదవులూ బదిలీలూ ఏమీ లేవు. చేరినప్పుడు ఏ పనో, మానేటప్పుడూ అదే పని: పాతబస్తీ గల్లీలలో గర్భిణుల ఇళ్ళకు, బాలింతల ఇళ్ళకు పోయి చూడటం, చూసింది వచ్చి పెద్ద డాక్టరమ్మకు చెప్పడం.

మిమ్మల్ని కూర్చోబెట్టి ఇదంతా నోటితో చెప్పమన్నారు. నాకు చేతకాదు. ఇద్దరి ఎదుట కూడా నా గొంతు పైకి రాదు. రోజూ డైరీ రాసుకునే అలవాటు ఉంది గనుక రాత కొంత నయం.

ముందే ఒక సంగతి. కొన్నాళ్ళు పోతే ఈ పనిలో భయం పోతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు పోలేదు. ఛత్రినాకలో మా ఇంటి గడప దాటుతుండగా మొదటి రోజు ఎంత భయపడ్డానో, నిన్నా అంతే భయపడ్డాను. ఆ భయాన్ని దేని మీద పెట్టాలో తెలియడమే నేను నేర్చుకున్న విద్య.

రెప్ప కింద

గర్భిణి ముఖం చూసి మోసపోకండి. మన ఆడవాళ్ళు ముఖానికి పసుపు రాసుకుంటారు. తమలపాకు నమిలి పెదవులు ఎర్రగా ఉంటాయి. గోళ్ళు చూద్దామంటే గోరింటాకు. ఒంట్లో రక్తం లేదన్న సంగతి దాచడానికే ఈ అలంకారాలన్నీ పుట్టాయా అని నాకు అనుమానం. ఎవరూ రంగు పుయ్యలేని చోటు ఒక్కటే, కింది కనురెప్ప లోపలి వైపు. బొటనవేలితో మెల్లగా కిందికి లాగి, ఆమెను పైకి చూడమనండి. అక్కడ దానిమ్మ గింజ రంగు ఉండాలి. గోడకు కొట్టిన సున్నంలా ఉంటే ఆ రోజు మీకు అన్నం సహించదు.

నేను చేరిన కొత్తలో ఒక బాలింత మా వార్డులో చనిపోయింది. ఆ పక్క మీద పోయిన రక్తం నా కంటికి ఎక్కువేమీ కాదు. అంతకు రెండింతలు పోయినవాళ్ళు లేచి నడిచి ఇంటికి వెళ్ళడం తర్వాత చూశాను. పెద్ద డాక్టరమ్మ ఆ రోజు చేతులు కడుక్కుంటూ, “ఎంత పోయిందన్నది కాదు శాంతా, పోవడానికి ముందు ఎంత ఉందన్నది చూడాలి” అన్నారు. ఆమె మద్రాసు వైపు మనిషి. కోపం జాస్తి. ఆ పూట మాత్రం కోపం లేదు, అందుకే ఎక్కువ భయం వేసింది.

యాదమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ తర్వాతనే, లడాయి రోజుల్లో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా. కిషన్‌బాగ్‌లో పాడి బర్రెలున్న ఇల్లు వాళ్ళది. అత్త బాలవ్వ వెంటబెట్టుకొని వచ్చింది. యాదమ్మకు మొదటి కాన్పులో రక్తం విపరీతంగా పోయి స్పృహ తప్పిందట. ఆ బిడ్డా దక్కలేదు. మళ్ళీ కడుపు పండింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పసుపు కింద ముఖం ఎలా ఉందో తెలియలేదు. రెప్ప కిందికి లాగి చూశాను, సున్నం గోడ.

డాక్టరమ్మ ఆమె వేలి కొన మీద పొడిచి రక్తపు చుక్కను అద్దుడు కాగితం మీదికి తీసుకున్నారు. ఆ మరకను రంగుల పట్టీ పక్కన పెట్టి ఏ మెట్టుకు సరిపోతుందో చూస్తారు. ఆ మరక అడుగు మెట్టు దగ్గర కూడా గట్టిగా నిలబడలేదు. పేడలో వట్టికాళ్ళతో తిరిగే ఇల్లు కనుక ముందు కడుపులో నులిపురుగులు పోయే మందు ఇచ్చారు. తర్వాత ఇనుము మందు రాశారు. అత్తాకోడళ్ళు బయటికి పోయాక నాతో విడిగా అన్నారు:

“ఈ రక్తంతో కాన్పు దాకా వస్తే ఒక చిన్న గిన్నెడు పోయినా ఈ పిల్ల మనకు మిగలదు. ఇంకొకరి రక్తం ఎక్కించే సౌకర్యం మన దగ్గర లేదు. ఉన్న నెలల్లో దాని రక్తమే పెంచాలి. నువ్వు పోయి చూస్తూ ఉండు.”

అంతే. ఆ రోజు నుంచి కిషన్‌బాగ్ దారి నాకు భయం దారి అయింది.

నల్లబడిన చాయ్

మందు ఇచ్చే కిటికీ దగ్గర కాంపౌండర్ గఫార్ సాబ్ ఉండేవారు. మంచి మనిషి, తొందర మనిషి. మోతాదులకు గుర్తుగా కాగితం ముక్క అంటించిన సీసా చేతిలో పెట్టి అందరికీ ఒకే పాఠం చెప్పేవారు: “ఖానే కే బాద్. అన్నం తిన్నంక. మర్చిపోవద్దు, హాఁ?” వరుసలో ఉన్నవాళ్ళు తమ వంతు రాకముందే తల ఊపేవాళ్ళు.

యాదమ్మ మరచిపోలేదు. సీసా అయిపోగానే బాలవ్వ కొత్త సీసా పట్టుకుపోయేది. నేను పోయినప్పుడల్లా “మందు తాగుతున్నవా?” అని అడిగేదాన్ని. “తాగుతున్న” అనేది. రెప్ప లాగి చూస్తే అదే సున్నం గోడ.

డాక్టరమ్మకు అనుమానం వచ్చింది. “పారబోస్తోంది. ఇలాంటివాళ్ళు చాలామందిని చూశాను” అన్నారు. ఆ మాటలో అన్యాయం లేదు. ఇనుము మందు తాగితే మలం నల్లగా వస్తుంది. అది చూసి జడుసుకొని బూడిద కుప్ప మీద ఒంపేసినవాళ్ళు నాకూ తెలుసు. మోతాదు పెంచారు. యాదమ్మకు వాంతులు మొదలైనాయి. తిన్న నాలుగు మెతుకులూ నిలవకుండా పోయాయి. మళ్ళీ తగ్గించారు.

సిగ్గు చంపుకొని ఒకసారి ఆమెనే అడిగాను, విరేచనం ఏ రంగులో అవుతోందని. ఆమె నాకంటే సిగ్గరి. గోడవైపు తిరిగి, “నల్లగనే” అంది. అంటే మందు లోపలికి పోతోంది. మరి ఆ ఇనుము ఎక్కడికి పోతోంది? లోపల ఏదో పెద్ద రోగం దాక్కొని తినేస్తోందేమోనని నాకు భయం వేసింది. నా భయం డాక్టరమ్మకు చెప్పాను. ఆమె మొదటి రోజు రక్తపు మరక కాగితాన్ని మళ్ళీ తీసి చూశారు. ఆ అనుమానం ఆమెకూ ఉందని అర్థమైంది.

వాళ్ళ ఇంటికి నేను పోయే వేళ ఒక రోజు మారింది, అంతకన్నా నేను చేసింది ఏమీ లేదు. ఎప్పుడూ పొద్దున పోయేదాన్ని. ఆ రోజు ఇంకో ఇంట్లో ఆలస్యమై, వాళ్ళ అన్నాలు ముగిసే వేళకు చేరాను. బాలవ్వ పీట వేసింది.

“కూసో బిడ్డా. మంచి యాళ్ళకొచ్చినవ్. అన్నమైంది, ఇగ మందే.”

పొయ్యి మీది గిన్నెలోంచి చాయ్ గ్లాసులోకి వంచింది. పాలు పోయని చాయ్, బెల్లం వేసింది. పాలు అమ్ముకునే ఇళ్ళలో పాల చాయ్ తాగరు. పాలన్నీ ఖాతాలకు, నెలవారీ కొనే ఇళ్ళకు పోతాయి. ఆ చాయ్‌లోకి ఇనుము మందు పోసింది. నా కళ్ళ ముందే ఎర్రటి చాయ్ నల్లబడింది.

“సూస్తున్నవా?” అంది బాలవ్వ గర్వంగా. “ఎంత తాకత్ ఉన్నదో మందుల. నీళ్ళల్ల పోస్తే ఏం గాదు, ఉత్తగుంటది. చాయ్‌ల పడంగనే గిట్ల లేస్తది.”

“చాయ్‌లో పొయ్యమని ఎవరు చెప్పిండ్రు అవ్వా?”

“గఫార్ సాబే చెప్పిండు గద, అన్నం తిన్నంక అని. మా ఇంట్ల అన్నం తిన్నంక తాగేది చాయే గద మరి.”

ఆ నలుపు నాకు తెలుసు. లడాయిలో మంచి సిరా దొరక్క నా డైరీకి నేనే సిరా కాచుకునేదాన్ని. కరక్కాయలు దంచి నానబెట్టిన ఒగరు నీళ్ళలో అన్నభేది వేస్తే సిరా అవుతుంది. అన్నభేది అంటే ఇనుమే. మా మందు సీసాలో గఫార్ సాబ్ కలిపేదీ అదే సరుకు, శుభ్రం చేసినది. యాదమ్మ చేతిలోని గ్లాసులో ఉన్నది నేను రాసుకునే సిరా.

తప్పు చెబితే? ఈ ఇల్లు దవాఖానాకు రావడమే మానేస్తే? “చాయ్‌తోని వద్దేమో అవ్వా” అని మాత్రం అన్నాను.

“ఏమో అంటే ఎట్ల బిడ్డా? తాగాల్నా, వద్దా?”

యాదమ్మ గ్లాసు పట్టుకొని నా ముఖం చూస్తోంది. “ఈ పూటకు వద్దు” అన్నాను. ఆ ముక్క అనడానికే నా ధైర్యమంతా అయిపోయింది.

టాంగా దొరక్క నడిచే దవాఖానాకు వచ్చాను. డాక్టరమ్మ బట్టలు మార్చుకొని ఇంటికి పోబోతున్నారు. చూసింది చెప్పాను.

“ఏం రంగు?”

“సిరా రంగండి.”

ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. “సిరాయే. చాయ్‌లోనూ ఒగరు ఉంటుంది కదా, నీ కరక్కాయలో ఉన్నట్టే. ఆ ఒగరు ఇనుమును పట్టేసుకుంటుంది. అలా పట్టుబడిన ఇనుమును పేగు తీసుకోలేదు. వచ్చిన దారినే కిందికి పోతుంది. మందు పనిచెయ్యడం లేదని నేను మోతాదు పెంచాను. ఇంకొంచెం సిరా పోయించాను.” మళ్ళీ అన్నారు: “ఇన్నేళ్ళుగా ‘తిన్న తర్వాత’ అని రాస్తున్నాను. తిన్న తర్వాత ఏం తాగుతారని ఒక్కరినీ అడగలేదు.”

ఆమె తిడతారని భయపడుతూ వచ్చాను. తిట్టినా బాగుండేది. పోయిన నెలలను లెక్కబెట్టుకుంటున్న ఆ ముఖం చూడలేకపోయాను.

ఇక్కడ మీకు చెప్పేది. “మందు తాగుతున్నవా?” అన్నది పనికిరాని ప్రశ్న. అందరూ తాగుతున్నాననే అంటారు, నిజంగానే తాగుతారు కూడా. దేంతోని తాగినవని అడగండి. దానికి ముందు ఏం తిన్నారు, తర్వాత ఏం నమిలారు అని అడగండి. తమలపాకులో వేసే కాచులోనూ ఇదే ఒగరు, సున్నం దానికి తోడు. ఒకామె మందు తాగినంక నోరు బాగుండాలని దోసిట్లో మట్టిగడ్డలు పెట్టుకొని చప్పరించేది. మట్టి కూడా ఇనుమును వదలదు. అడిగి ఊరుకోకుండా, మీ ఎదుట తాగి చూపించమనండి. ఎంత పుస్తకం చదివినా ఆ గ్లాసు చూసేదాకా నాకు తెలియలేదు.

పాలు

చాయ్ వద్దని బాలవ్వకు గట్టిగా చెప్పివచ్చాను. గట్టిగా అంటే నా గట్టి. అత్తాకోడళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. ఇక రెప్పకు రంగు వస్తుందని రోజుల తరబడి ఎదురుచూశాను. మధ్యలో నాకు జ్వరం వచ్చి కొన్నాళ్ళు పోలేదు. కోలుకొని పోయేసరికి యాదమ్మ కడుపు బాగా ముందుకు వచ్చింది, పాదాలు నీరుపట్టాయి. రెప్ప లాగాను. కాస్త మారిందని చెప్పుకుందామన్నా మనసు ఒప్పలేదు.

నేర్చుకున్న పాఠం ప్రకారం అడిగాను. “మందు దేంతోని తాగినవు?”

జవాబు బాలవ్వ చెప్పింది. ఆమె గొంతులో ఎన్నడూ లేని మెత్తదనం. “పాలల్ల పోసి ఇస్తున్న బిడ్డా. గట్టి పాలు. పొద్దుగాల పిండంగనే దీనికని ఒక చెంబు పక్కకు పెడుతున్న.”

యాదమ్మ పెనిమిటి మల్లేశు గడ్డిమోపు దింపుతూ నవ్వాడు. “మా పెండ్లి నాడు గూడ మా అమ్మ నాకు గిన్ని పాలు పొయ్యలే. ఖాతాలోళ్ళు లొల్లి జేస్తున్నరు, పాలు తక్కువైతున్నయని.”

“లొల్లి జేస్తే జేయనీ” అంది బాలవ్వ. “మనిషి కన్న ఖాతాలెక్కువనా?”

ఆ ఇంట్లో ఇంటి మనిషి పాలు తాగడం అదే మొదలు. పాల మీద బతికే ముసలమ్మ తన చేతనైన అన్నిటికన్నా పెద్ద త్యాగం చేసింది. పాలు కూడా ఇనుమును అడ్డుకుంటాయేమోనని నాకు అనుమానం ఉంది, నమ్మకం లేదు. ఆమె ముఖం చూస్తూ ఆ ముక్క అనలేక లేచి వచ్చేశాను. వచ్చే దారిలో రెండుసార్లు ఆగి వెనక్కి పోదామనుకున్నాను. పోలేదు.

డాక్టరమ్మ తల పట్టుకున్నారు. “పాలల్లో సున్నం జాతి ఉప్పు ఉంటుంది. అదీ ఇనుమును లోపలికి పోనివ్వదు. చాయ్ అంత కాకపోయినా, ఇప్పుడు మనకు కొంచెం కూడా పోగొట్టుకునే వ్యవధి లేదు.”

“పాలు మానిపించమంటారా?”

“మానిపించకు. పిల్లకు పాలూ కావాలి. వేళ మార్చు. మందు నిమ్మకాయ నీళ్ళతో ఇప్పించు. పులుపులో ఇనుము కరిగి ఉంటుంది, కరిగి ఉన్నదాన్నే పేగు తీసుకుంటుంది. తినగలిగితే కార్జం పెట్టమను. పుల్లటి కూరలు పెట్టమను.” కొంచెం ఆగి, “అవన్నీ వాళ్ళ చేత ఒప్పించు, నా పేరు చెప్పి భయపెట్టకు. భయపడితే మన ఎదుట సరే అంటారు” అన్నారు.

నేను చూసిన పైవాళ్ళలో ఆమె ఒక్కరికే ఈ తెలివి ఉండేది. మిగతావాళ్ళు సరే అనిపించుకొని సంతోషించేవాళ్ళు.

బర్రెలు నీళ్ళకు పోయే వేళ

మరునాడు కిషన్‌బాగ్‌లో నేను మాట్లాడినంత జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. బాలవ్వ విన్నది. అన్నీ విని ఒక్కటి అడిగింది.

“పాలల్ల నిమ్మకాయ పిండితే ఏమైతది బిడ్డా?”

“ఇరుగుతాయి.”

“మరి పాలు తాగిన కడుపుల నిమ్మకాయ పోస్తే లోపట పాలు ఇరుగయా? ఇరిగిన పాలు పిండానికి తలుగదా? నేను పుట్టిన కాంచి పాల మీదనే ఉన్న. పాల ముచ్చట నాకు చెప్తవా?”

కడుపులో పాలు ఎలాగూ విరుగుతాయని చదివాను కానీ, అది చెబితే ఆమె నన్ను గడప ఎక్కనివ్వదు. తల వంచుకున్నాను. ఈ ఇల్లు చెయ్యి జారిపోతోందనిపించింది.

అప్పుడు యాదమ్మ గుంజకు ఆనుకొని, ఆయాసపడుతూ మెల్లగా అంది: “అత్తా, పాలు పొద్దుమీకి తాగుత. నిమ్మకాయ పొద్దుగాల తాగుత. రెండు ఒక్కతాన కలవకుంటె ఇరుగయి గద.”

బాలవ్వ ఆలోచించింది. “పొద్దుగాల ఎప్పుడు?”

గంటలు చెబితే ఆ ఇంట్లో గడియారం లేదు. ఇంటి పనినే కొలతగా పెట్టుకున్నాము. పాలు పిండి, ఖాతాలకు పంపి, బర్రెలను నీళ్ళకు తోలుకుపోయే వేళకు యాదమ్మ కడుపు ఖాళీగా ఉంటుంది. అప్పుడు నిమ్మకాయ నీళ్ళలో మందు. బర్రెలు తిరిగి వచ్చేదాకా చాయ్ లేదు, ఆకు లేదు. పాలు దీపం పెట్టినంక. వాంతి వస్తే రెండు ముద్దల జొన్నరొట్టె తిన్నాక తాగవచ్చునని డాక్టరమ్మ తర్వాత సడలించారు. మల్లేశు వీలైనప్పుడల్లా మేక కార్జం తెచ్చాడు. పుంటికూర, అదే గోంగూర, వేడి చేస్తుందని మొదట గొడవ పడినా వారానికి కొన్నిసార్లు వండారు.

మీరు ఏ ఇంటికి పోయినా ముందు ఆ ఇంటి రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి. మన వేళలు వాళ్ళ మీద పెడితే రెండు రోజులు నిలుస్తాయి. బర్రెలు మాత్రం ఏ రోజూ నీళ్ళకు పోవడం మానవు.

ఇంటి పక్కామె ఒకరోజు నా ఎదుటే దెప్పింది: “నల్లమందు తాగుతున్నది, నల్ల పిల్లనే పుడుతది సూడుండ్రి.”

బాలవ్వ పేడ చేత్తోనే తిరిగింది. “మా బర్రె నల్లగుంటది. పాలు నల్లగిస్తున్నదా?”

యాదమ్మ ఆ రోజు నవ్వడం చూశాను. నవ్వినందుకు ఆయాసం వచ్చింది, అయినా ముందటికన్నా కొంచెం తక్కువ.

ఆ తర్వాతి వారాలు చెప్పడం కష్టం. ఏమీ జరగలేదు, ఎదురుచూశాను. రక్తం పెరగడం చెట్టు పెరగడం వంటిది, నిలబడి చూస్తే కనబడదు. రెప్ప చూసిన ప్రతిసారీ ఇవాళ ఎండ బాగుండి ఎర్రగా కనబడిందా, నిజంగానే ఎర్రబడిందా అని అనుమానం. నా కళ్ళను నేను నమ్మలేక ఇంకో ఆడమనిషి రెప్ప చూసి వచ్చి మళ్ళీ చూసేదాన్ని. కలలో కూడా తెల్ల రెప్పలే.

కాన్పు దగ్గరపడ్డాక డాక్టరమ్మ మళ్ళీ వేలి చుక్క తీశారు. కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చూశారు. మళ్ళీ చూశారు. “ఎక్కింది” అన్నారు. “చాలదు” అన్నారు వెంటనే.

మంత్రసాని చేత ఇంట్లోనే కాన్పు చేయిద్దామని బాలవ్వ మనసులో ఉండేది. దానికి మాత్రం డాక్టరమ్మ భయపెట్టవద్దన్న తన మాటను తానే తప్పి, నిజం మొత్తం చెప్పారు. ఎంత రక్తం ఉంది, ఎంత పోతే ఏమవుతుంది, అన్నీ. బాలవ్వ కొంగు నోట్లో పెట్టుకొని విన్నది. మంత్రసాని మాట మళ్ళీ ఎత్తలేదు.

కాన్పు

నొప్పులు మొదలుకాగానే టాంగాలో తీసుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం. ఉక్కపోతకు వార్డు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, బయట చింతపండు తూచేవాళ్ళ కేకలు వినబడుతున్నాయి. యాదమ్మ నా చెయ్యి పట్టుకొని, “నర్సమ్మా, పోయినసారి గూడ గిట్లనే ఉండె. మంచిగనే ఉండె” అంది. ఏం చెప్పాలి? “ఈసారి నేనున్న” అన్నాను. నేనుండి ఏం చేస్తానో నాకు తెలియదు.

కాన్పు తేలికగానే అయింది. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు విని తలుపు అవతల ఎవరో దండం పెట్టుకున్న చప్పుడు. మాయ కూడా పడింది. ఆయా బిడ్డను తుడుస్తుండగా పక్క మీద ఎరుపు పాకడం మొదలైంది.

మొదటి కాన్పు కథే. నేను చేరిన కొత్తలో చూసిన ఆ బాలింత కథే. డాక్టరమ్మ గర్భసంచి మీద పిడికిలితో నొక్కుతూ సూది మందు అడిగారు. ఇచ్చాను. రక్తం ఆగలేదు. కింద పెట్టిన గిన్నె నిండుతోంది. డాక్టరమ్మ ముంజేతుల మీద నరాలు లేచాయి.

“నాడి వదలకు. రెప్ప చూడు. చూసి నాతో చెప్పు.”

నాడి వేగంగా, సన్నగా దారంలా ఉంది. రెప్ప లాగాను. ఎరుపు తగ్గిపోతోంది. కానీ తగ్గడానికి అక్కడ కొంత ఉంది. అంతకుముందు తగ్గడానికే ఏమీ ఉండేది కాదు.

“ఉన్నదండి” అన్నాను.

ఆమె నొక్కుతూనే ఉన్నారు. మళ్ళీ చూడమన్నారు. ఉన్నదండి. మళ్ళీ. ఉన్నదండి. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. చివరికి ఆమె పిడికిలి కింద గర్భసంచి గట్టిపడింది. కారడం చుక్కలైంది, చుక్కలు ఆగాయి. డాక్టరమ్మ వెంటనే చెయ్యి తీయలేదు. చాలాసేపటికి తీసి, “యాదమ్మా” అని పిలిచారు. “ఆఁ” అంది యాదమ్మ, ఎక్కడో బావి అడుగు నుంచి.

నోట్లో తడిబట్టతో నీళ్ళు పిండి, దుప్పటి కప్పి, నేను తలుపు దగ్గరికి వచ్చాను. ఆ తలుపు దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానో. బయటివాళ్ళు అడిగేది ఎప్పుడూ ఒక్కటే, ఆడనా మగనా అని. నేను చెప్పబోయాను.

బాలవ్వ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. లోపల బిడ్డ ఏడుపు ఆమెకు వినబడుతూనే ఉంది. నా ముఖంలోకి చూసి అడిగింది: “రెప్ప ఎట్లున్నది బిడ్డా?”

బయటివాళ్ళను లోపలికి రానివ్వకూడదన్నది కాయిదా. అయినా ఆమె చెయ్యి పట్టుకొని తీసుకుపోయాను. మంచం దగ్గర ఆమె వేలిని తీసుకొని యాదమ్మ కంటి కింద పెట్టాను. ఎలా లాగాలో చెప్పనక్కరలేదు, ఇన్ని నెలలుగా నన్ను చూస్తూనే ఉంది. వంగి, కళ్ళు చికిలించి చూసింది.

“ఉన్నది” అంది. “కొంచమే. ఉన్నది.”

తర్వాత మంచం కోడు పట్టుకొని మెల్లగా నేల మీద కూర్చుంది. ఊపిరి తీసుకుంది. అప్పుడు అడిగింది, పుట్టింది ఎవరని.